వెళ్లకముందే చూసొచ్చిన దేశం

విదేశానికి బయలుదేరే రోజు సూపరింటెండెంటు గారు పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, కాఫీ తాగి, తిరిగొచ్చాక ఇవ్వాల్సిన నివేదికను ఇంకోసారి చదువుకున్నారు. బాగా వచ్చింది. ముప్ఫై రెండు పేజీలు. 'ఆ దేశం ఎందుకు బాగుపడింది' అన్న శీర్షిక కింద, అక్కడి నీటి సరఫరా కార్యాలయంలో ఏడు రోజుల పాటు తాను ఏమేం చూశారో, చూసి ఎంతగా చలించిపోయారో పూసగుచ్చినట్టు ఉంది. విమానానికి ఇంకా ఐదు గంటల టైముంది.

ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. ఆయన పనిచేసే నీటి సరఫరా ఆఫీసులో ఇలాంటి పర్యటనలకు వెళ్లినవాళ్లందరూ నివేదిక రాసిపెట్టుకునే వెళ్లారు. వచ్చాక రాద్దామంటే చూసినవన్నీ గుర్తొచ్చి రాతకు అడ్డం పడతాయి. పైగా ఈసారి డిప్యూటీ డైరెక్టరు కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన రిటైరవడానికి పద్నాలుగు నెలలే ఉంది. తన దగ్గర పని నేర్చుకున్నవాడు డైరెక్టరై గాజు తలుపు వెనక కూర్చున్నాడు. ఈ పదోన్నతి కూడా తప్పిపోతే సూపరింటెండెంటుగానే ఇంటికి పోవాలి. ఆ సంగతి తలచుకుంటే ఆయనకు ముద్ద దిగేది కాదు.

అందుకే నివేదికలో ఎక్కడా పిసినారితనం చూపించలేదు. ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్లకు మెత్తటి కుర్చీలు వేయించారు. కారుతున్న ప్రతి పైపునూ పొద్దున రాసి, బాగుచేసి, సాయంత్రానికల్లా తుడిచేసే నల్లబల్ల ఒకటి గోడకు తగిలించారు. ఎనిమిది కొట్టేసరికి పెద్ద అధికారితో సహా అందరినీ సీట్లలో కూర్చోబెట్టారు. చివరి పేజీలో ఎనభై ఏళ్ల ముసలావిడ ఒకామె ఆయన చెయ్యి పట్టుకుని, ఈ ఆఫీసే నా పుట్టిల్లు అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. అది రాస్తున్నప్పుడు ఆయనకే కళ్లు చెమర్చాయి.

"ఏడు రోజుల్లో ఆరు రోజులు బజార్లకే అట్టేపెట్టాను" అన్నారు భార్యతో.

ఆవిడ పదకొండు వస్తువుల జాబితాను ఆయన చొక్కా జేబులో దోపి, "ఏడోది మాత్రం దేనికి?" అంది.

"ఫొటో దిగొద్దా?"

విమానం దిగి బయటకు వచ్చేసరికి ఐదుగురు అధికారులు వరసగా నిలబడి ఉన్నారు. ఐదుగురి చేతుల్లోనూ ముప్ఫై రెండేసి పేజీలు. పైన సూపరింటెండెంటు గారి సంతకం. పక్కనే మన భాష తెలిసిన దుబాసీ అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి నమస్కారం పెట్టి, వాళ్ల పెద్ద అధికారిణి చెప్పింది విని, కాస్త ఇబ్బందిగానే ఆయనకు చెప్పింది.

"బాబాయిగారూ, వీళ్లు చాలా సిగ్గుపడుతున్నారు. మీరు ఇక్కడ చూశానని రాసినవాటిలో సగం ఇక్కడ లేవట. నెల్లాళ్ల నుంచీ వెతుకుతున్నారట."

గదికి చేరగానే ఆయన టైపిస్టుకు ఫోను చేశారు. ఇరవై ఏళ్లుగా ఆ ఆఫీసులో అక్షరం పొల్లుపోకుండా టైపు చేస్తున్న ఆవిడ, గొంతు కూడా తడబడకుండా జరిగింది చెప్పింది. వాళ్లు ఉత్తరం రాశారు, మీ అధికారి ఇక్కడ ఏమేం చూడాలనుకుంటున్నారు అని. ఏదో ఒకటి పంపించమ్మా అని మీరే అన్నారు.

"మీరేం చూశారో మన దగ్గర రాసే ఉందిగదా సార్. మళ్లీ కొత్తగా రాయడం ఎందుకని అదే పంపేశాను."

ఆయన ఫోను పెట్టేశారు. తప్పంతా తానే రాసి, చక్కగా సంతకం కూడా చేశారు. నిజం ఒప్పుకుంటే ఆ మాట డైరెక్టరు చెవిన పడుతుంది, కుర్చీ పోతుంది. ఒప్పుకోకపోతే ఏమవుతుందో ఇంకా తెలియదు. తెలియనిదే నయమనుకుని మర్నాడు అధికారిణి ముందు నీళ్లు నమిలారు. అవి లేకపోయినా తనకేమీ బాధ లేదని, వాటి సంగతి వదిలేయమని చెప్పించారు. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అతిథి మనసు ఎంత నొచ్చుకుంటే ఇంత మర్యాదగా మాట్లాడతాడో వాళ్లకు అర్థమైంది. సాయంత్రానికల్లా ఫిర్యాదుల గదిలోకి మెత్తటి కుర్చీలు దిగాయి.

మూడోరోజు నల్లబల్ల వచ్చింది. ముప్ఫై ఎనిమిది పైపులు దాని మీదకెక్కాయి. ఆయన బజారులో జాబితా తీసి మొదటి వస్తువు బేరం చేస్తుండగా, మీరు రాసినదానికీ దీనికీ తేడా ఉందేమో చూసి చెప్పాలంటూ కారు పంపారు. తేడా లేదని చెప్పినా వదల్లేదు. బాగుచేసిన ప్రతి పైపునూ వెళ్లి కళ్లారా చూశానని రాసింది ఆయనే కదా. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడిగి ముప్ఫై ఎనిమిది చోట్లకూ తిప్పారు. మన సూపరింటెండెంటు గారు పైపు కారడం ఫైళ్లలో తప్ప బయట చూడక చాలా ఏళ్లయింది.

నాలుగోరోజు నుంచి ఇంకో కష్టం మొదలైంది. ఎనిమిదింటికి అందరూ లోపలికి వెళ్లడం 'గేటు దగ్గర నిలబడి చూశాను' అని పదకొండో పేజీలో ఉంది. కాబట్టి ఆయన కోసం గేటు పక్కన కుర్చీ వేశారు. రోజూ ఎనిమిదీ పదికి వచ్చే పెద్ద అధికారిణి, ఆ పది నిమిషాలకూ క్షమాపణ రాసిచ్చి ఏడూ యాభైకే రావడం మొదలుపెట్టింది.

ఇక మిగిలింది ముసలావిడ. ఆ పేట రిజిస్టర్లలో ఎనభై నిండిన ఆడవాళ్లు అరవై ముగ్గురున్నారు. ఒక్కరికీ ఆ ఆఫీసు పుట్టిల్లులా కనిపించలేదు. అరవై మూడో ఆవిడైతే గుమ్మంలోనే నిలదీసింది. వంటింట్లో కుళాయి కారుతోందని రెండు నెలలుగా మొత్తుకుంటున్నా పట్టించుకోనివాళ్లు చెయ్యి పట్టుకోమని వచ్చారా అంది. అయిదుగురు అధికారులూ తలలు దించుకుని వంటింట్లోకి వెళ్లారు. చోటు చాలక కుళాయి పక్కన ఇరుక్కున్న సూపరింటెండెంటు గారికే రెంచీ పట్టుకునే పని పడింది. గంటలో కుళాయి బాగైంది. ఆవిడ దాన్ని తిప్పి, కట్టి, మళ్లీ తిప్పి, వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"మళ్లీ కారితే నిన్నే పిలుస్తానంటోంది" అంది దుబాసీ అమ్మాయి.

పుట్టిల్లు అనలేదు, కన్నీళ్లూ పెట్టలేదు. అయినా, ఇన్నేళ్లలో చేసిన పనికి ఎవరైనా ఆయన చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు. సంతోషమేసింది, ఆ వెంటనే సిగ్గూ వేసింది. ఆ దేశం ఎందుకు బాగుపడిందో ఆ వంటింట్లో ఆయనకు తెలిసిపోయింది. వీళ్లు కాగితం కనిపిస్తే చదువుతారు. చదివింది నమ్ముతారు. నమ్మాక ఊరుకోరు. ఇంత అమాయకులు ఇన్నాళ్లూ ఎలా నెగ్గుకొచ్చారా అని ఆశ్చర్యపోయారు.

ఏడోరోజు ఫొటోలు దిగి ఇంటికొచ్చారు. భార్య పెట్టె తెరిచి చూసి, అడుగున ఉన్న రబ్బరు బూట్లు బయటపెట్టి, మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు డైరెక్టరు గాజు తలుపు లోపలికి పిలిచాడు. బల్ల మీద నివేదిక, ప్రతి పేజీకీ ఆ దేశం వాళ్లు జతచేసి పంపిన ఒక ఫొటో, అడుగున ఎవరిని అడగాలో ఫోను నంబరు.

"ఇదేంటండీ, ఇందులో రాసినవన్నీ నిజంగానే ఉన్నాయి" అన్నాడు డైరెక్టరు.

"ఉన్నాయండి."

"కొంప ముంచారు. లేనివి రాస్తే ఫైల్లో పెట్టుకునేవాళ్లం. ఉన్నవి రాస్తే, మన దగ్గరెందుకు లేవని పైవాళ్లు అడగరూ?"

అప్పటికే ఆ దేశం నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఇన్ని మంచి పద్ధతులు ఇంత వివరంగా రాయగలిగిన మనిషి ఆఫీసు ఇంకెంత గొప్పగా ఉంటుందోనని, చూసి నేర్చుకోవడానికి వాళ్ల అధికారిణి నలుగురిని వెంటబెట్టుకుని బయలుదేరుతోంది. ఏడో తేదీకి వస్తారు. ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

డైరెక్టరు చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. తర్వాత టైపిస్టును పిలిచి, సూపరింటెండెంటు గారిని ఈ క్షణం నుంచీ డిప్యూటీ డైరెక్టరుగా నియమిస్తున్నట్టు ఉత్తర్వు టైపు చేయించాడు. కుర్చీలు, నల్లబల్ల, పైపులు, ఎనిమిదింటికి హాజరు, అన్నిటి బాధ్యతా కొత్త డిప్యూటీ డైరెక్టరుదేనని రెండో పేరాలో ఉంది.

"రాసింది మీరు, చూపించాల్సిందీ మీరే" అన్నాడు సంతకం పెడుతూ. "ముసలావిడ సంగతి కూడా చూసుకోండి."

ఆయన ఆ ఉత్తర్వును బస్సులో ఆరుసార్లు చదువుకున్నారు. మొదటి పేరానే చదువుకున్నారు. ఇంట్లో భార్య చదివి, మూడు రోజుల మౌనం మాని, అన్నం వడ్డించింది. ముద్ద హాయిగా దిగింది.

మర్నాడు ఉదయం ఏడూ యాభైకల్లా కొత్త డిప్యూటీ డైరెక్టరు గారు ఇస్త్రీ చొక్కాతో ఆఫీసు మెట్లెక్కారు. ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసులో ఆ తలుపుకు తాళం వేస్తారని ఆయనకు తెలియడం అదే మొదటిసారి.