నత్తల వాటా

కోస్గి బజారులో చీరల దుకాణంలో పనిచేసే పరమేశ్వర్‌కు ఊళ్లో ఒక పేరుంది. కొనడానికి రానివాళ్లకు కూడా చీర అంటగట్టి పంపుతాడని. ఒకసారి ఒకాయన దుకాణంలో మరిచిపోయిన గొడుగు కోసం వచ్చి, రెండు చీరలు కొనుక్కుని వెళ్లాడు. గొడుగు మాత్రం మళ్లీ అక్కడే మరిచిపోయాడు.

ఇంతటి మాటకారి మాట ఇంట్లో చెల్లదు. అతని భార్య స్వర్ణలత మగ్గం నేస్తుంది. వందల పోగుల్లో ఒక్క పోగు తెగినా, చూడకుండానే చేత్తో తడిమి పట్టుకుంటుంది. అలాంటి మనిషికి మొగుడి మాటల్లో ఎక్కడ తెగిందో దొరక్కుండా పోతుందా?

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. స్వర్ణలత పెరట్లో మడి కట్టి బంతి మొక్కలు నాటింది. ఊరికే నాటి ఊరుకుంటే ఏ గొడవా లేకపోవును. వాడకట్టు ఆడవాళ్లందరినీ పిలిచి చెప్పి మరీ నాటింది.

“ఈ ఏడు బతుకమ్మకు బజార్ల ఒక్క బంతిపువ్వు గూడ కొనేది లేదు. నేను కొన, మీరు కొనొద్దు. అందరికీ నా పెరట్ల పువ్వులే!”

పక్కింటి గుర్వమ్మ ఆ మాట నమ్మి, రెండు నెలల ముందే బతుకమ్మ పేర్చే తాంబాళం తోమి పెట్టుకుంది.

ఒకరోజు తెల్లవారుతూనే పెరట్లో నుంచి స్వర్ణలత కేక వినిపించింది. పరమేశ్వర్ నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తాడు. ఒక వరుస మొక్కలకు ఆకులు లేవు. మట్టి మీద వెండి జరీ పోగుల్లా మెరిసే జిగట చారలున్నాయి. ఒక చార చివర, వేలెడంత మెత్తని ప్రాణి ఒకటి భుక్తాయాసంతో మెల్లగా వెళ్తోంది.

“ఏందయ్యా గిది? నత్త తీరుగ ఉన్నది గని, గుల్ల లేదు!”

“సొంతిల్లు లేని నత్తే. మన పెరట్ల కిరాయికి దిగింది.”

“నీకు నవ్వులాటగున్నదా? వాడకట్టంతటికీ మాటిచ్చిన. పువ్వులు లేకుంటే నా ఇజ్జత్ ఏం గావాలె?”

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పరమేశ్వర్‌కు నిజంగానే గుండె కలుక్కుమంది. పెళ్లాం తిడితే తట్టుకోగలడు గానీ, ఏడిస్తే తట్టుకోలేడు.

“నాకు ఇడిసిపెట్టు. ఒక్క నత్త మిగుల్తే నా పేరు పరమేశ్వర్ కాదు,” అన్నాడు, నోట్లో నురుగుతో.

ముందు ఉప్పు చల్లాడు. నత్తలు చచ్చాయి, వాటితో పాటు పక్కనున్న రెండు మొక్కలు కూడా వాడిపోయాయి. తరవాత బూడిద చల్లాడు. రాత్రి వాన పడింది. పొద్దున చూస్తే బూడిద లేదు, నత్తలున్నాయి, అదీ స్నానం చేసినట్టు నిగనిగలాడుతూ.

మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ లేనప్పుడు ఫోన్లో వెతికాడు. ఏ దేశంవాడో ఒకాయన వీడియోలో చూపిస్తున్నాడు. నత్తలకు పులిసిన వాసనంటే పిచ్చి. గిన్నెను అంచు దాకా మట్టిలో పాతి బీరు పోస్తే, వాసనకు వచ్చి, అందులో పడి చస్తాయి.

పరమేశ్వర్ ఆ వీడియోను మళ్లీ చూశాడు. ఇంకోసారి చూశాడు. ముఖంలో భక్తి వచ్చేసింది.

ఆ భక్తి ఎందుకో తెలియాలంటే గుర్రం సంగతి చెప్పాలి. స్వర్ణలత తమ్ముడి పెళ్లి బారాత్‌లో పరమేశ్వర్ కల్లు తాగి, పెళ్లికొడుకు కోసం తెచ్చిన గుర్రం తానెక్కి కూర్చున్నాడు. ఎంతమంది బతిమాలినా దిగలేదు. ఊరేగింపు పొడుగునా పెళ్లికొడుకు నడిచాడు, బావగారు గుర్రం మీంచి జనానికి దండాలు పెట్టాడు. మర్నాడే స్వర్ణలత అతన్ని మన్యంకొండకు తోలుకుపోయి, ఇక కల్లు ముట్టనని దేవుడి ముందు ఒట్టు వేయించింది. అప్పటినుంచి పరమేశ్వర్ ఈతచెట్టు కనిపిస్తే తల తిప్పుకుంటున్నాడు.

ఆ సాయంత్రం మగ్గం పక్కన చేరాడు.

“స్వర్ణా, నత్తలకు మందు దొరికింది.”

“ఏం మందు?”

“కల్లు.”

పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె ఆమె చేతిలో ఆగిపోయింది.

“నాకు గాదే! నత్తలకు!”

“నత్తలు అడిగినయా?”

“బీరు వొయ్యాల్నట. మన నత్తలు గరీబువి, కల్లుతోని సర్దుకుంటయి.”

“మరి నీ ఒట్టు?”

“ఒట్టేసింది నేను. నత్తలు మన్యంకొండ ఎక్కినయా?”

ఈ మాట అన్నాక తన తెలివికి తానే మురిసిపోయాడు. ఇలాంటి మాటను వెనక్కి ఎవరైనా తిప్పగలరని అతనికి అప్పుడు తట్టలేదు.

“ఇంట్లకు తేవొద్దు,” అంది స్వర్ణలత.

“గడప దాటదు. క్యాను పెరట్లనే జామచెట్టుకు గట్టేస్త.”

మర్నాడు పొద్దున్నే కల్లు గీసే వీరేశం దగ్గరికి పోయాడు. వీరేశం సంగతంతా విని, క్యాను నింపుతూ అన్నాడు:

“అన్నా, కల్లుకొచ్చెటోళ్లు మస్తు సాకులు చెప్తరు. ఒకాయన కడుపునొప్పంటడు, ఒకాయన సుట్టాలొచ్చిండ్రంటడు. గీ నత్తల ముచ్చట మాత్రం గిదే మొదలు.”

క్యాను జామచెట్టుకు కట్టేసి దుకాణానికి పోయిన పరమేశ్వర్, సాయంత్రం రాగానే కొబ్బరిచిప్పలు మట్టిలో పాతి కల్లు పోశాడు. చిప్పకు గుక్కెడు. మిగిలింది చెంబులో వంచుకుని జామచెట్టు చాటుకు వెళ్లాడు. ఎవరికైనా పెట్టేముందు రుచి చూడటం మర్యాద కదా. నత్తలైతే మాత్రం మనుషులకుండే మర్యాద తప్పుతుందా?

తెల్లవారి చూస్తే చిప్పల నిండా నత్తలే. స్వర్ణలత చేతులు జోడించింది.

“అబ్బ, పనిచేసిందయ్యా! నువ్వు గింత తెలివిగల్లోనివని నాకు తెల్వనే తెల్వదు.”

ఆ పూట చాయ్‌లో చక్కెర కూడా రెండు చెంచాలు పడింది. పరమేశ్వర్ మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది. కల్లు మీద ప్రేమ ఆ ముల్లును వెంటనే పీకేసింది.

రెండో రోజు క్యాను చాలలేదు. ఇంకాస్త పెద్ద క్యాను వచ్చింది.

“వేలెడంత లేవు, గింతగనం తాగుతున్నయా?” అంది స్వర్ణలత.

“తాగి ఊకుంటలెవ్వే. పోయి సుట్టాలను గూడ తోలుకొస్తున్నయి.”

“అన్నీ చిప్పలల్ల పడి చస్తున్నయి గదా, తోలుకొచ్చేదెవరు?”

“అదే... తప్పించుకున్నయి ఒకటో రెండో ఉంటయి గదా!”

స్వర్ణలత ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే భయపడాలని పెళ్లయిన ఇన్నేళ్లకైనా అతను నేర్చుకోవలసింది.

ఈలోగా ఇంకో గొడవ మొదలైంది. గుర్వమ్మ కోడిపుంజు రోజూ పొద్దున గోడ దూకి వచ్చి, చిప్పల్లో ఊరిన నత్తలను తిని, అడుగున మిగిలిన కల్లు తాగి పోతోంది. మిట్టమధ్యాహ్నం కూస్తోంది. పరమేశ్వర్ మోపెడ్ అద్దంలో తన మొహం చూసుకుని దానితో తగువుకు దిగుతోంది. ఒకరోజు గుర్వమ్మ కొంగు దోపుకుని వచ్చేసింది.

“ఏం తమ్మీ! నా పుంజును తాగుబోతును జేస్తివి! నిన్న నా బర్రె మీదికి కొట్లాటకు పోయింది. బర్రె ఒక్కసారి తోక ఊపితే పోయి పెంటకుప్పల పడ్డది!”

“గుర్వక్కా, నీ పుంజును నేను పిలిచిన్నా? పిలవని పేరంటానికి అదే వచ్చె.”

“పిలవకున్నా వచ్చెటట్టు కల్లు పెట్టింది నువ్వు గదా!”

స్వర్ణలత అడ్డం వచ్చింది. “వదినె, లోపలికి రా, జర నీళ్లు తాగు,” అని గుర్వమ్మను మగ్గం దగ్గరికి తీసుకుపోయింది. ఇద్దరూ చాలాసేపు గుసగుసలాడుకున్నారు. బయటికి వచ్చేటప్పుడు గుర్వమ్మ మొహంలో కోపం లేదు, నవ్వుంది.

ఆనాటి నుంచి ఇంటి చుట్టుపక్కల లోకం కొంచెం మారింది. పరమేశ్వర్ గమనించాడు గానీ పట్టించుకోలేదు. పుంజు బుద్ధిగా వేళకే కూస్తోంది. గుర్వమ్మ ఎదురుపడితే “తమ్మీ, నత్తలు మంచిగున్నయా?” అని ఆప్యాయంగా అడుగుతోంది. స్వర్ణలత మగ్గానికి కొత్త పడుగు సిద్ధం చేస్తోంది. ఆ నిలువు పోగులకు గంజి పట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు గనుక వాడకట్టు ఆడవాళ్లు రోజూ మధ్యాహ్నం సాయానికి వస్తున్నారట. అంతవరకూ బాగానే ఉంది. మునుపెన్నడూ లేంది, గంజి పట్టేటప్పుడు పాటలు కూడా పాడుతున్నారట.

ఒక్కటే అతన్ని ఇబ్బంది పెట్టింది. కల్లు రోజురోజుకీ పుల్లబడుతోంది. వీరేశాన్ని నిలదీశాడు.

“అన్నా, పొద్దుగాల తీస్కపోయి పొద్దుగూకినంక పోస్తివి. పులువకుంటే ఏమైతది? అయినా పులిస్తే నత్తలకేం బాధ? నీకెట్ల తెలిసె?”

పరమేశ్వర్ గబగబా క్యాను అందుకుని మోపెడ్ ఎక్కాడు. పులిసినకొద్దీ మత్తెక్కువని తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నాక నిజంగానే ఎక్కువ ఎక్కింది.

బంతి మొక్కలు గుబురుగా పెరిగి మొగ్గ తొడిగాయి. ఒక సాయంత్రం, పొద్దు ఇంకా ఉండగానే, వాడకట్టు ఆడవాళ్లంతా మొగ్గలు చూడటానికి పెరటి వాకిట్లో చేరారు. జామచెట్టు చాటున నిండు చెంబు ఖాళీ చేసిన పరమేశ్వర్‌కు ఆ గుంపును చూడగానే గుండె పొంగింది. ఇది తన విజయోత్సవమే అనుకున్నాడు.

“అక్కలారా, చెల్లెలారా! గీ మొగ్గలు ఎవరి పుణ్యం? నాది! నత్తల మీద యుద్ధం జేసింది ఎవరు? నేను! మరి బారాత్ తియ్యరా?”

గుర్రం లేదు. గుర్వమ్మ బర్రె మాత్రం వాకిలి పక్కన గుంజకు కట్టేసి ఉంది. ఎవరూ ఆపేలోపు పలుపు విప్పి, గోడెక్కి, దాని మీద కూర్చుని అందరికీ దండాలు పెట్టసాగాడు.

“వీనికి మళ్లీ గుర్రం పిచ్చి ఎక్కిందే!” అని ఎవరో నవ్వారు.

బర్రె కాసేపు ఆలోచించింది. ఎదురుగా తెరిచిన పెరటి తలుపు, లోపల పచ్చగా బంతి మడి. తిన్నగా అటు నడిచింది.

నవ్వులు ఆగిపోయాయి. “నా మొక్కలు!” అని స్వర్ణలత అరిచింది. పరమేశ్వర్ బర్రె చెవులు పట్టి లాగాడు, “ఆగు తల్లీ, దండం పెడ్త” అన్నాడు. కొనడానికి రానివాళ్ల చేత చీరలు కొనిపించిన నోరు ఒక బర్రెను ఆపలేకపోయింది. నత్తలు నెలంతా తినలేని మొక్కలను అది రెండు బుక్కల్లో ముగించేట్టుంది. పరమేశ్వర్‌కు ఏడుపొచ్చింది. తన కల్లు కోసం పెళ్లాం పరువు బర్రె నోట పెట్టానని అప్పుడు తెలిసింది.

స్వర్ణలత మగ్గం దగ్గరికి పరుగెత్తి, బకెట్టు తెచ్చి బర్రె మూతి ముందు పెట్టింది. పుల్లటి గంజి వాసనకు బర్రె అడుగు ఆపి, మూతి ముంచి, బుర్రుమని తాగసాగింది. పరమేశ్వర్ జారి కింద పడ్డాడు. మొక్క ఒక్కటీ పోలేదు.

లేచి, దుమ్ము కూడా దులుపుకోకుండా చేతులు కట్టుకున్నాడు.

“స్వర్ణా, నన్ను మాఫ్ చెయ్యి. నత్తల పేరు చెప్పి నేనే తాగిన. ఒట్టు తప్పిన.”

“మొదలు తప్పినవ్. పుంజు కొట్లాటకు పోయిన దినం సంది తప్పలె.”

“ఆఁ?”

“గా బర్రె ఏం తాగుతాందో చూడు. ఇన్ని దినాల సంది నువ్వు తాగుతున్నది గూడ గదే. పడుగుకు పెట్టంగ మిగిలిన గంజి. పులియవెట్టి నీ క్యాన్ల పోసిన.”

పరమేశ్వర్ నోరు తెరిచాడు.

“గంజా? మరి నా తల తిరిగింది గదనే!”

“బర్రె మీద కూసుంటే తిరుగదా?”

“నత్తలు?”

“వాటిక్కూడ గంజే. పులిసిన వాసనుంటే సాలు, వచ్చి పడుతున్నయి. కల్లే గావాల్నని అవి పట్టువట్టలె. పట్టువట్టింది నువ్వు.”

“నీకెట్ల తెలిసింది?”

“మొదటి దినమే తెలిసింది. పెరట్లకెల్లి వచ్చినప్పుడు నీ మీసాల మీద నురుగున్నది. నత్తలకు మీసాలున్నయా?”

వాడకట్టంతా పగలబడి నవ్వింది. పరమేశ్వర్ కూడా సిగ్గుతో నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగి, బుర్ర గోక్కున్నాడు.

“మరి నేను దినాం తెచ్చిన కల్లు ఏమాయె?”

గుర్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిగిలిన ఆడవాళ్లు ఎన్నడూ చూడనట్టు బంతి మొగ్గల వైపు తిరిగారు.

“గంజి వట్టెటందుకు వచ్చినోళ్లను ఉత్త చేతులతోని పంపాల్నా?” అంది స్వర్ణలత.

“అంటే... నువ్వు గూడనా?”

“ఒట్టేసింది నువ్వు. నేను మన్యంకొండల ఏమన్న ఒట్టేసిన్నా?”

బతుకమ్మ నాడు వాడకట్టులో ఏ తాంబాళం చూసినా స్వర్ణలత పెరటి బంతిపూలే. అందరికంటే ఎత్తుగా పేర్చింది గుర్వమ్మ. పరమేశ్వర్ పూలు కోసి, బుట్టలు మోసి, ఇంటింటికీ పంచాడు. స్వర్ణలత మెచ్చుకుని ఒక పువ్వు అతని జేబుకు గుచ్చింది.

కొత్త పడుగు పని మొదలైందంటే మాత్రం పొద్దున్నే క్యానుతో వీరేశం దగ్గరికి వెళ్లక తప్పడం లేదు.

“అన్నా, వానలు పోయె గదా, నత్తలు ఇంకా తాగుతున్నయా?” అని అడిగాడు వీరేశం.

“మస్తు తాగుతున్నయి తమ్మీ. నిన్న మధ్యాహ్నమైతే పాటలు గూడ పాడినయి,” అని పరమేశ్వర్ నిండు క్యాను మోపెడ్‌కు తగిలించుకుని, ఈతచెట్ల వైపు చూడకుండా తల తిప్పుకుని ఇంటికి బయలుదేరాడు.