ఫ్రేముకు పెట్టిన టోపీ

కంప్యూటర్ ఆటలో బొమ్మ నున్నగా సాగకుండా కుదుపులు కుదుపులుగా కదులుతోందా? అయితే మీరు పుణ్యం చేసుకున్నారు. ఆ కుదుపును పోగొట్టుకోవాలని చూసేవాళ్లంటే నాకు జాలి!

మీరే చెప్పండి. మన బతుకులో నున్నగా నడిచేది ఏముంది? రేషన్ షాపులో మిషను మొదటిసారికే మన వేలిని గుర్తుపడుతుందా? దరఖాస్తు పెట్టేటప్పుడు సర్వర్ ఆగకుండా ఉంటుందా? లోకమంతా ఆగి ఆగి నడుస్తుంటే ఆట ఒక్కటే వెన్నలా సాగిపోతే పిల్లలు ఏం నేర్చుకుంటారు? కుదుపు ఓర్పు నేర్పుతుంది. కన్నార్పుకోవడానికి వీలిస్తుంది. శత్రువు తుపాకీ ఎత్తి పేల్చబోతుండగా బొమ్మ ఆగిందనుకోండి, ఆ అర క్షణంలో పాపం అతని మనసు మారొచ్చు కదా!

ఇంకా నమ్మకం కుదరకపోతే సిరిసిల్ల భానుప్రసాద్ సంగతి వినండి.

భానుప్రసాద్ ఆ ఇంట్లో మొదటి బీటెక్. అతని తండ్రి అంజన్న ముప్పై ఏళ్లుగా సాంచాలు నడుపుతున్నాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఇంటి గోడ మీద దేవుళ్ల పటాల పక్కనే ఇంకో ఫ్రేము ఉంది. అందులో నల్ల గౌను వేసుకుని, నెత్తిన పలకలాంటి టోపీ పెట్టుకుని భానుప్రసాద్ నవ్వుతుంటాడు. పట్టా తీసుకున్ననాటి ఫొటో అది. తల్లి చంద్రవ్వ పొద్దున్నే దేవుళ్లతో పాటు దాన్నీ తుడుస్తుంది.

ఇప్పుడతను ఓ ఫ్లెక్సీ షాపులో పుట్టినరోజు బ్యానర్లు తయారు చేస్తున్నాడు. ఇంట్లో మాత్రం "కంప్యూటర్ మీద పెద్ద పని" అని చెప్పుకుంటారు.

అంజన్నకు వయసులో ఉన్నప్పుడు బస్సు డ్రైవర్ కావాలని ఉండేది. కాలేదు. కొండదారిలో బస్సు నడిపే ఆట ఒకటుంది, దాంట్లోనైనా బాపును డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాలని భానుప్రసాద్ కోరిక. అందుకోసం రెండేళ్లు పైసాపైసా దాచి పెద్ద మానిటర్ తెప్పించాడు. డబ్బా మీద '144 హెర్ట్జ్' అని చెయ్యంత అక్షరాలున్నాయి.

"గీ నూట నలబై నాలుగేందిరా?" అని అడిగింది చంద్రవ్వ.

"రిఫ్రెష్ రేట్ అవ్వా. సెకండుకు గన్నిసార్లు తెర రిఫ్రెష్ అయితది, బొమ్మ మల్ల చూపిస్తది."

"సెకండుకు నూట నలబై నాలుగుసార్లా! నిన్ను దినానికి ఒక్కసారి ఫ్రెష్ అవుమంటెనే మూతి ముడుస్తవు గదరా."

మానిటర్ పెట్టాక బస్సు కదిలింది. కదిలి కుదిపింది. దారి చదునుగానే ఉంది, గుంత ఒక్కటీ లేదు, అయినా చెట్లు ఓసారి జారుతున్నాయి, ఓసారి ఎగురుతున్నాయి. వెనక మంచం మీద కూర్చుని చూస్తున్న చంద్రవ్వ లోపలికి పోయి నిమ్మకాయ తెచ్చుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"లక్సెట్టిపేట ఎప్పుడొస్తదిరా? జర ఆపితే దిగిపోత."

చూశారా కుదుపు మహిమ! ఇల్లు కదలకుండా, టికెట్టు తీసుకోకుండా ఆ తల్లికి పుట్టింటి ప్రయాణం జరిగిపోయింది. నున్నటి బొమ్మ ఇవ్వగలదా ఈ భాగ్యం?

కానీ భానుప్రసాద్‌కు ఈ తత్వం ఎక్కలేదు. నచ్చకపోతే ఏడు రోజుల్లో తిరిగి పంపొచ్చన్నారు. ఆరు రోజులు నిద్ర మాని తిప్పలు పడ్డాడు. ఏడో రోజు ఆదివారం. నాలుగింటికి కొరియర్ మనిషి వచ్చి డబ్బా పట్టుకుపోతాడు. బాపు ఇంకా సీట్లో కూర్చోనేలేదు.

చివరి ఆశగా నస్పూర్‌లో ఉన్న క్లాస్‌మేట్ అరుణ్‌కుమార్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"సెట్టింగ్స్‌ల వీసింక్ ఆన్ చెయ్ మామ."

"చేసిన."

"అయితే ఆఫ్ చెయ్."

"అది గూడ చేసిన. గేమ్ మూడుసార్లు తీసేసి మల్ల ఎక్కిచ్చిన."

"మరి గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చు."

"గదే నేనంటున్న!" అని మంచం మీంచి అందుకుంది చంద్రవ్వ. "వారం సంది సూస్తున్న, వీని నడుపుడే సక్కగ లేదు. నువ్వు లెవ్వురా. మీ బాపును కూసోబెట్టు."

ఏడు రోజుల్లో ఎవరూ ఇవ్వని సలహా అది. అంజన్న లుంగీ సర్దుకుని కూర్చున్నాడు. రెండు మలుపులు తిప్పాడు. సాంచ దగ్గర నిలబడి చప్పుడు వినేటప్పుడు ఎలా తల పక్కకు వంచుతాడో అలాగే వంచాడు.

"బండి మంచిగనే ఉన్నది. బాట మంచిగనే ఉన్నది. నడుమ లెక్క తప్పింది. గా ఆట సెకండుకు ఎన్ని బొమ్మలిస్తది?"

"అర్వై ఫ్రేములు. గంతకు మించి ఇయ్యది బాపు. ఆట చేసినోళ్లే ఫ్రేముకు క్యాప్ పెట్టిండ్రు."

చంద్రవ్వ తలెత్తి గోడ వైపు చూసింది. "మన ఫ్రేముకు ఉన్నసొంటి క్యాపేనా?"

"గది కాదవ్వా! ఇంతకన్న మీదికి పోవద్దని పెట్టేది."

"సమజైంది. టోపీ పెట్టిండ్రన్నట్టు."

అంజన్న వేళ్లు మడుస్తున్నాడు. "గీ టీవీ నూట నలబై నాలుగుసార్లు సూపిస్తదంటివి. ఒక్కో బొమ్మ రెండుసార్లు సూపిస్తె నూట ఇర్వై. మిగిలిన ఇర్వై నాలుగు యాడ పెడ్తది? కొన్నిటిని మూడోసారి సూపిస్తది. ఒకటి రెండుసార్లు, ఒకటి మూడుసార్లు. ఒగ కాడ పల్చన, ఒగ కాడ మందం. గిసొంటి గుడ్డ నేస్తే మా సాంచాల ఆసామి మొకం మీద కొడ్తడు."

భానుప్రసాద్ నోరు తెరిచాడు. నాలుగేళ్ల బీటెక్కూ, ఆరు రోజుల ఇంటర్నెట్టూ చేయలేని లెక్కను బాపు రెండు మలుపుల్లో చేసేశాడు.

"మరెట్ల బాపు?"

"ఆట పెరగనంటున్నది. టీవీని తగ్గించు. నూట ఇర్వైకి దించు."

"తగ్గించుడా! నూట నలబై నాలుగు అని చూసి కొన్న!"

"కొన్నవు, కాదంటలేను. ఎదుటోడు గంతే ఇస్తుంటె మనం ఎంత ఉరికి ఏం ఫాయిదా? జర తగ్గాలె కొడుకా."

దించాడు. ఒక్కో బొమ్మకు సరిగ్గా రెండుసార్లు. కుదుపు ఎటు పోయిందో పోయింది. చెట్లు నూనె రాసినట్టు వెనక్కి జారాయి. చంద్రవ్వ నిమ్మకాయ కింద పెట్టింది. నాలుగింటికి మనిషి వచ్చి తలుపు కొడితే, అంజన్న కీబోర్డు వదలకుండా, "నడిమిట్ల ఆపద్దు. స్టేజి వచ్చెదాక ఆగుమను" అన్నాడు. ఆ మనిషి కాసేపు నిలబడి బస్సు చూసి, ఉత్త చేతులతో వెళ్లిపోయాడు.

అయ్యలారా, అమ్మలారా! ఇంతకాలం మీకు కుదుపు వరమని చెప్పుకొచ్చాను. కాదు. తగ్గడమే వరం! భానుప్రసాద్‌కు ఆ సంగతి అందరికంటే ముందే తెలుసు. రెండేళ్ల కింద చిన్న పని కోసం తిరిగిన ప్రతి చోటా, "ఇంత చదివినోడివి, ఈ పనిలో నిలువవు" అన్నారు. చదువుకు తగ్గ చోటికి పోతే ఖాళీల్లేవన్నారు. చివరికి ఫ్లెక్సీ షాపు దరఖాస్తులో చదువు దగ్గర 'ఇంటర్ పాస్' అని రాశాడు. మర్నాడే పనిలోకి రమ్మన్నారు. అప్పటి నుంచి ఒక్క కుదుపు లేదు. ఇంట్లో చెప్పలేదంతే.

"సూసినవా," అన్నాడు అంజన్న బస్సు దిగినవాడిలా ఒళ్లు విరుచుకుంటూ. "జర తగ్గితే ఎంత మంచిగ పోతున్నదో."

"ఎర్కే బాపు," అన్నాడు భానుప్రసాద్.

చంద్రవ్వకు మాత్రం సంగతి ఇంకా తేలలేదు. లేచి, కొంగుతో గోడ మీది ఫ్రేము తుడుస్తూ అడిగింది.

"గా ఆటకు పెట్టిన టోపీ ఎవలు తియ్యాలెరా?"

"పెట్టినోళ్లే తియ్యాలె అవ్వా."

"మరి వాళ్లనడుగుండ్రి. గింత మంచి టీవీని పట్టుకొని తగ్గు తగ్గు అంటరేంది? అదేం పాపం చేసింది?"