బ్యాటరీ మీద నెత్తురు

మునిస్వామి లింగంపల్లిలో కిరాయికి దిగిన రోజే సాయిలు ఆ గల్లీ ఖాళీ చేసి పోవాల్సింది. పోలేదు. క్యాబ్ నడిపే బతుకులో సాయిలు ట్రాఫిక్ పోలీసులను తట్టుకున్నాడు, బయోడైవర్సిటీ చౌరస్తాను తట్టుకున్నాడు, వెనక సీట్లో కూర్చుని ఫోన్లో మేనేజర్ని ఇంగ్లిష్‌లో బతిమాలుకునే సాఫ్ట్‌వేర్ పిల్లల ఏడుపులనూ తట్టుకున్నాడు. పై అంతస్తు మునిస్వామిని మాత్రం తట్టుకోలేకపోయాడు. ఎవడినైనా నిండా ముంచే మనిషి అంటే సాయిలుకు ముందుగా గుర్తొచ్చేది ఆ మొహమే.

మునిస్వామిది చిత్తూరు వైపు. ప్లాట్లు అమ్మడానికి వచ్చాడు. కొనేవాళ్లు తగ్గేసరికి డిటెక్టివ్ అయ్యాడు. ఎవరూ చెయ్యలేదు, తనంతట తనే అయ్యాడు. మోకాళ్ల దాకా వేలాడే కోటు, ఇంట్లో కూడా తియ్యని నల్ల కళ్లద్దాలు, మెడలో తాడుకు కట్టిన భూతద్దం. కనబడ్డ ప్రతివాడికీ తన గొప్ప తనే చెప్పేవాడు.

"అబ్బా సాయిలూ, ఈ సైబరాబాదులో తెలివైనోళ్లు లక్షలమంది ఉండారు. వాళ్ల తెలివంతా మూటగడితే, ఆ మూట తలకింద బెట్టుకుని పండుకునేవాణ్ణి నేను."

పండుకుంటే బాగానే ఉండేది. లేచి తిరగడంతోనే వచ్చింది తంటా అంతా.

సాయిలు కూతురు అఖిల ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తోంది. ఎన్నో కంపెనీలు వద్దన్నాక గచ్చిబౌలిలో ఒక కంపెనీ చివరి పరీక్ష దాకా రానిచ్చింది. సోమవారం పొద్దున ఇంట్లోంచే రాయాలి. మధ్యలో లాప్‌టాప్ ఒక్కసారి ఆరిపోతే పరీక్ష అక్కడితో సరి, మళ్లీ అవకాశం లేదు. ఆ గల్లీలో కరెంటు ఎప్పుడు పోతుందో కరెంటోళ్లకే తెలియదు. లాప్‌టాప్ సంగతి చూస్తే, వైరు పీకితే చాలు, కన్ను మూసి తెరిచే లోపల గుడ్డిదైపోతోంది. బ్యాటరీ చచ్చింది. వారంటీ ఉంది గానీ ఈ శనివారం సాయంత్రంతో అయిపోతుంది.

పోయి మార్పించుకోవచ్చు కదా అంటారు. అక్కడే ఉంది మునిస్వామి వేసిన మెలిక. లాప్‌టాప్ కొన్నప్పుడు బేరం ఆడతానని మూసాపేట దుకాణానికి వెంట వచ్చాడు. రూపాయి తగ్గించలేకపోయాడు గానీ, దుకాణంవాడు ఫోన్ నంబరు అడిగితే సాయిలు నోరు తెరిచే లోపే తన నంబరు చెప్పేశాడు. శత్రువులు మనిషిని పట్టేది ఫోన్ నంబరుతోనేనట, సాయిలు సంసారానికి తను అడ్డుగోడట. ఆ గోడ వల్ల వారంటీ పనికి ఏ ఓటీపీ వచ్చినా మునిస్వామి ఫోన్‌కే వస్తుంది.

శనివారం మధ్యాహ్నం సాయిలు పైకి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, జర ఫోన్ పట్టుకొని మాదాపూర్ దాకా రా. గంతే పని. ఇంకేం చేయకు."

ఇంకేం చేయకు అనడమే సాయిలు చేసిన తప్పు. మునిస్వామి కోటు గుండీలు పెట్టుకుంటూ కిందికి దిగి, ముందు నేరస్థలం చూడాలన్నాడు. నిన్న రాత్రి నిండా పెట్టిన ఛార్జి పొద్దుటికి లేదంటే అది పోయినట్టు కాదని, ఎవరో ఎత్తుకుపోయినట్టని తేల్చాడు. ఎదురింటి బ్యాటరీ స్కూటర్ వైపు చాలాసేపు అనుమానంగా చూశాడు. తర్వాత లాప్‌టాప్‌ను బోర్లా తిప్పి, భూతద్దం పెట్టి, గాలి పోయే సందుల దగ్గర ఆగిపోయాడు.

ఎర్రటి పొడి. పక్కనే పచ్చటి మరక.

"నెత్తురు," అన్నాడు, గొంతు తగ్గించి. "ఎండిపోయి ఉండాది. ఈ పచ్చది విషం. ముందు విషం బెట్టి, చావకపోతే పొడిచినారు."

వంటింట్లోంచి సాయిలు భార్య సత్తెమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అన్నా, గది కుంకుమ. మొన్న దసరాకు నేనే పెట్టిన. ఆయన కారుకు పూజ చేసిండు, బిడ్డ పనిముట్టు గిదే గదా అని దీనికి గూడ పసుపునీళ్లు చల్లి ఐదు బొట్లు పెట్టిన."

మునిస్వామి ఆమెను పైనుంచి కిందికి చూశాడు. సాక్షిని ఎవరో బెదిరించి ఉంటారని, భయపడవద్దని, తాను ఉన్నానని ధైర్యం చెప్పాడు. సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. అఖిల మాత్రం నవ్వలేదు. "బాపూ, సెంటర్ బంద్ చేస్తరు, పోదాం," అంది.

దారిలో మునిస్వామి శత్రువుల కంట పడకుండా వెనక సీటు ముందు కింద పడుకున్నాడు. పక్క సీట్లో అఖిల లాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. కొండాపూర్ దాటాక తల ఎత్తి, అన్నం డబ్బా కట్టుకున్న బైకువాడొకడు వెంటపడ్డాడని మునిస్వామి కనిపెట్టాడు. ఆ రోడ్డు మీద అందరూ ఎటు పోతారో వాడూ అటే పోతున్నాడు. సాయిలు పట్టించుకోలేదు. అప్పుడు మునిస్వామి వెనకనుంచి లేచి స్టీరింగ్‌ను ఎడమకు లాగాడు. కారు పోయి ఒక గేటెడ్ కమ్యూనిటీ గేటు ముందు ఆగింది. అక్కడి సెక్యూరిటీవాడు ఏ ఫ్లాటు అని అడిగితే, అది చెప్పే అధికారం తనకు లేదని మునిస్వామి జవాబిచ్చాడు. బయటపడేసరికి ఎండ దిగిపోయింది.

సర్వీస్ సెంటర్లో జనం. బయటినుంచి చూస్తే లోపలిది కనబడని రంగు గాజు తలుపు ఇవతల కుర్చీలు, అవతల రిపేరు గది. కౌంటర్లో మేనేజర్ రవికిరణ్, మెడలో కార్డు, మొహంలో మర్యాద. లాప్‌టాప్ తీసుకుని, ఓటీపీ వచ్చింది చెప్పండి సార్ అన్నాడు. మునిస్వామి ఫోన్‌ను గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఓటీపీ అడిగేవాడెవడైనా దొంగే. బ్యాంకోళ్లే చెప్పినారు."

"అన్నా, ఈయన బ్యాంకు గాదు," అన్నాడు సాయిలు.

"అదే నేనూ చెప్తా ఉండా. బ్యాంకే కానోడికి ఓటీపీ ఎందుకబ్బా?"

ఈ వాదన నడుస్తుండగానే ఆ నంబరు గడువు అయిపోయింది. ఇంకోటి వచ్చింది, అదీ అయిపోయింది. మూడోది వచ్చినప్పుడు అఖిల వెనకనుంచి వచ్చి ఫోన్ లాక్కుని చదివేసింది. మునిస్వామి ఆ పిల్లను కూడా అనుమానితుల్లో కలుపుకుని, గోడ వారగా జరిగి, జనంలో కలిసిపోయాడు.

రవికిరణ్ బ్యాటరీని పరీక్షకు పెట్టించాడు. ఉబ్బిపోయిందండి, మార్చాల్సిందే అన్నాడు. సాయిలుకు ప్రాణం లేచి వచ్చింది. అంతలో అడుగు మూత విప్పిన మనిషి రవికిరణ్ చెవిలో ఏదో చెప్పాడు. రవికిరణ్ వెళ్లి చూసి వచ్చాడు. వచ్చేటప్పుడు మొహంలో మర్యాద ఉంది గానీ అది వేరే రకం.

"సారీ అండి. లోపల ఎర్ర పొడి ఉంది, తడి మరక కూడా ఉంది. బయటి పదార్థం పడితే వారంటీ పోతుంది. కొత్త బ్యాటరీ కావాలంటే డబ్బు కట్టాలి, పార్టు రావడానికి వారం పడుతుంది."

సాయిలు పూజ సంగతి చెప్పాడు. పూజ చేసుకోవడం తప్పు కాదని, తానూ భక్తుడినేనని, కానీ కంపెనీ రూలుకు దేవుడూ దయ్యమూ ఒకటేనని రవికిరణ్ చెప్పాడు. అదే వారంటీలో అయితే, అలాంటివాళ్ల కోసమే కంపెనీ పంపిన బ్యాటరీ ఇక్కడే ఉందని, ఇప్పుడే వేసి ఇచ్చేవాడినని కూడా చెప్పాడు. ఆ మాట చెప్పకపోయినా బాగుండేది. అఖిల కౌంటర్ మీద గోటితో గీతలు గీసింది.

"వారం అంటే సోమవారం దాటిపోతది, బాపూ," అంది.

సాయిలు ఇంకోసారి బతిమాలడానికి గొంతు సవరించుకున్నాడు. అప్పుడే రిపేరు గదిలోంచి చావుకేక వినబడింది. మునిస్వామి గొంతే.

సిబ్బందికి మాత్రమే అని రాసిన పక్క తలుపులోంచి ఎప్పుడు దూరాడో దూరాడు. లోపలినుంచి ఇవతలికి పరుగెత్తుకొస్తున్నాడు. నల్ల కళ్లద్దాల్లోంచి గాజు తలుపు ఆయనకు ఆనలేదు. తలుపు మొత్తం ఒక్కసారిగా చిన్న చిన్న ముక్కలై కిందికి జారిపోయింది. కోటు పుణ్యమా అని మునిస్వామికి గీత కూడా పడలేదు. గాజు పెంకుల మధ్య నిలబడి, వేలెత్తి వెనక్కి చూపించాడు.

"దొరికినారు. లోపలుండే ప్రతి మిషను మీదా నెత్తురే. అదే నెత్తురు, అదే విషం. ముఠా ఇక్కడే ఉండాది."

తలుపు లేదు కాబట్టి అందరికీ లోపల ఉన్నది ఉన్నట్టు కనబడింది. బ్యాటరీలు పరీక్షించే మిషనుకు పసుపు పూసి చేటంత బొట్టు. ప్రింటరుకు బొట్టు. యూపీఎస్‌కు బొట్టుతో పాటు వాడిపోయిన బంతిపూల దండ. కొత్త బ్యాటరీల అలమారకు వరసగా బొట్లు. రవికిరణ్ సొంత లాప్‌టాప్ మూతమీద, కంపెనీ గుర్తు కనబడకుండా, అన్నిటికంటే పెద్ద బొట్టు.

కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ, తన లాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుంటూ, నెమ్మదిగా అడిగింది. "బాబూ, అయితే ఆ మిషన్లన్నిటికీ వారంటీ పోయినట్టేనాండి?"

మొదట ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. పోయిన వారం తన లాప్‌టాప్‌నూ ఇలాగే వెనక్కి పంపారని ఒక కుర్రవాడు లేచాడు. ఇద్దరు ఫోన్లు తీసి బొట్లను వీడియో తీయడం మొదలుపెట్టారు. రవికిరణ్ ఒక్క క్షణం ఆ ఫోన్లను చూశాడు, తన లాప్‌టాప్ బొట్టును చూశాడు. లోపలి మనిషిని పిలిచి, ఈ అమ్మాయికి వారంటీలోనే కొత్త బ్యాటరీ వేసి ఇమ్మన్నాడు, ఆ మాట అందరికీ వినబడేట్టు.

అఖిల అక్కడే నిలబడి లాప్‌టాప్ ఆన్ చేసింది. వైరు పీకింది. తెర ఆరలేదు. ఇంకాసేపు చూసింది. ఆరలేదు. అప్పుడు నవ్వింది, పొద్దుటినుంచి మొదటిసారి.

మునిస్వామి ముఠా లొంగిపోయిందని ప్రకటించాడు. తనను చూడగానే బ్యాటరీ తెచ్చి కాళ్ల దగ్గర పెట్టారట. మనవాడివి కాబట్టి ఫీజు వద్దులే అని సాయిలు భుజం తట్టి, కోటు మీది గాజు దులుపుకుంటూ కారెక్కి కూర్చున్నాడు.

రవికిరణ్ సాయిలును పక్కకు పిలిచి, తలుపు సంగతి మర్యాదగానే చెప్పాడు. పగలగొట్టిన పెద్దమనిషి మీతో వచ్చినాయనే కదండి అన్నాడు. సాయిలు తలుపు ఖరీదెంతో అడిగాడు. పక్కన కూతురి చేతిలో లాప్‌టాప్ వైరు లేకుండా వెలుగుతూనే ఉంది. బేరం కూడా ఆడలేదు. ఉచితంగా వచ్చిన ఆ బ్యాటరీకి సాయిలు అక్కడికక్కడ కట్టింది పదకొండు వేల మూడు వందల యాభై రూపాయలు.