ఏదో ఒకటి గెలిచింది

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా పక్కింట్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి వంట ఇకమీదట సులభమైనదిగా ప్రకటించడమైనది. (వంటకు ఈ సంగతి ఇంకా అందలేదు.)

ప్రకటన చేసినది పక్కింటి అన్నయ్య. బస్సు డిపోలో ఏ బండి ఎన్నింటికి బయలుదేరాలో నిర్ణయించే అధికారి ఆయన. బస్సులు ఆయన నిర్ణయించిన వేళకు బయలుదేరవు గానీ, అది బస్సుల స్వభావంలో లోపమే తప్ప నిర్ణయంలో లోపం కాదని ఆయన చెబుతుంటారు. లోకంలో ఆలస్యమయ్యే ప్రతి దానికీ కారణం ప్లానింగ్ లేకపోవడమే అన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం చాలాకాలం డిపోలోనే ఉండేది. దాన్ని వంటింట్లోకి తెచ్చింది వదిన ఈత.

వదిన కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. అద్దాన్ని ఫ్రేముకు సరిపడేలా అరగదీసి బిగించడం ఆమె పని. రోజంతా ఎవరెవరివో చూపులు సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి, ఫ్రిజ్ తలుపు తెరిచి, లోపలికి చాలాసేపు చూస్తుంది. వాళ్ళ వంటింటి కిటికీ, మా వంటింటి కిటికీ ఎదురెదురుగా ఉండటం వల్ల ఆ చూపు నాకు బాగా తెలుసు. ఏ నంబరు అద్దాలు పెట్టుకున్నా అందులో రాత్రి భోజనం కనపడదు.

నలభై దాటాక ఆమెకు ఈత నేర్చుకోవాలనిపించింది. కారణం గొప్పదేమీ కాదు. నీళ్ళున్న చోటికి ఎప్పుడు వెళ్ళినా ఇంటిల్లిపాదీ నీళ్ళలోకి దిగుతారు, వదిన గట్టు మీద కూర్చుని చెప్పులూ ఫోన్లూ గడియారాలూ కాపలా కాస్తుంది. పెళ్ళైన నాటి నుంచి చెప్పుల శాఖకు ఆమే శాశ్వత అధిపతి. ఈ మధ్య అలా కూర్చుని ఉండగా ముక్కూముఖం తెలియని జంట ఒకటి వచ్చి, "అమ్మా, జతకు ఎంత తీసుకుంటారు?" అని అడిగారట. మర్నాడే వదిన ఈత కొలనుకు వెళ్ళి పేరు రాయించుకుంది.

తరగతులు వారానికి రెండు సాయంత్రాలు, బుధవారం, గురువారం. సరిగ్గా వంట వేళకే. వరసగా మూడు తరగతులు మానేసినవాళ్ళ చోటు, వెనక ఎదురుచూస్తున్నవాళ్ళకు ఇచ్చేస్తారు.

"అదెంత పని," అన్నారు అన్నయ్య. "ప్లానింగ్ లేక గానీ, రాత్రి వంట ఇరవై నిమిషాల వ్యవహారం. నేను చూసుకుంటాగా."

"వండుతారా?" అంది వదిన.

"చూసుకుంటానని అన్నాగా."

"ఆ రెండు రోజులు మీరు వండేస్తే సరిపోతుంది కదండీ."

"అది తాత్కాలికం. రెండు రోజుల సమస్యకు రెండు రోజుల పరిష్కారం వెతక్కూడదు. మనకు కావాల్సింది ఒక వ్యవస్థ."

వ్యవస్థను నిర్మించే తొలి సమావేశానికి అందరికీ వీలైన సమయం వెతికారు. అందరికీ వీలైనది బుధవారం సాయంత్రం. వదిన ఈత మానుకుని ప్రత్యేక ఆహ్వానితురాలిగా హాజరై, చర్చ వింటూ ఉల్లిపాయలు తరిగింది. అధ్యక్షులు తాతగారు, అంటే అన్నయ్య తండ్రి. కోర్టులో బెంచి గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన చేతిలో పడిన విషయం తేలడమూ ఉండదు, తేలకపోవడమూ ఉండదు, వాయిదా పడుతుంది. సభ్యురాలు వాళ్ళమ్మాయి, పదో తరగతి, ముద్దుపేరు పిచ్చుక. (తిండిలోనే పిచ్చుక. మాటల్లో కాదు.) ఇరుగుపొరుగు సాక్ష్యం ఉంటే మంచిదని తాతగారు నన్ను పరిశీలకురాలిగా పిలిపించారు. పరిశీలకురాలికి ఓటు లేదు, పళ్ళెం లేదు, కుర్చీ ఉంది.

ముందుగా పిచ్చుక ఒక వీడియో చూపించింది. అందులో ఒకావిడ నవ్వుతూ ఇరవై నిమిషాల్లో మొత్తం భోజనం చేసేసింది. ఆవిడ బల్ల మీద తరిగిన కూరగాయలు, వార్చిన అన్నం, చిట్టి చిట్టి గాజు గిన్నెల్లో కొలిచి పోసిన పొడులు ముందే సిద్ధంగా ఉన్నాయి.

"ఇవన్నీ ఎవరు చేశారే?" అంది వదిన.

"అవి వీడియోలోకి రావమ్మా."

వీడియోలోకి రాని పనులన్నిటినీ ఆదివారానికి బదిలీ చేస్తూ తీర్మానం జరిగింది. వారానికి సరిపడా కూరగాయలు ఆదివారమే కడిగి, తరిగి, డబ్బాలలో పెట్టబడవలెను. ఎవరిచేత అన్నది తీర్మానంలో లేదు. (కర్మణి వాక్యంలో కర్తను చెప్పకపోయినా తప్పులేదని మా ఊరి బడిలో తెలుగు మేష్టారు చెప్పినప్పుడు, దాని వల్ల ఇంత సుఖముందని నాకు తట్టలేదు.)

మిగతా చర్చ వాయిదా పడింది. గురువారం సాయంత్రానికి. వదిన రెండో తరగతి కూడా మానేసింది.

గురువారం 'ఒకే గిన్నె వంట' అనే ప్రతిపాదన వచ్చింది. అన్నీ ఒక గిన్నెలో పడేసి మూత పెట్టడమే, కడుక్కునేది కూడా ఒకటే అన్నారు అన్నయ్య. తాతగారు ఒప్పుకోలేదు.

"ఏది కూరో, ఏది అన్నమో నాకు విడివిడిగా కనపడాలి. కలిపి విచారించడానికి వీల్లేదు."

"నాకు క్యారెట్ లేకుండా," అంది పిచ్చుక.

"నాకు కారం కాస్త ఎక్కువుండాలి," అన్నారు అన్నయ్య.

సవరణలతో సహా తీర్మానం నెగ్గింది. ఆ రాత్రి ఒకే గిన్నె వంట నాలుగు గిన్నెల్లో జరిగింది.

ఇక అసలు ప్రశ్న మిగిలింది. ఏం వండాలి? ఆ ఇంట్లో తరతరాలుగా దానికి జవాబు ఒక్కటే, "ఏదో ఒకటి." వినడానికి అంతకన్నా వినయమైన కోరిక లేదు. ఏ దేవుడైనా ఇలాంటి భక్తులు దొరికితే పొంగిపోతాడు. అయితే ఇది ప్రజాస్వామ్యం కాదని భావించిన అన్నయ్య, రోజూ పొద్దున ఇంటి గ్రూపులో ఓటింగ్ పెట్టడం మొదలుపెట్టారు. అభ్యర్థులు: గుడ్లు, బంగాళాదుంపలు, నూడుల్స్, సూప్. నిజాయితీగా ఓటు వేసేవాళ్ళకూ దారి ఉండాలని పిచ్చుక ఐదో అభ్యర్థిగా 'ఏదో ఒకటి'ని చేర్చింది. వండేవాళ్ళకు ఓటు ఇస్తే పక్షపాతం వస్తుందని తాతగారు వదిన ఓటు తీసేశారు. ఉన్నవి మూడు ఓట్లు. మూడూ ఏదో ఒకటికే పడ్డాయి. గుడ్లకు డిపాజిట్ దక్కలేదు.

ఆ రోజు వదిన బంగాళాదుంపలు వేయించింది.

"ఇదా?" అన్నారు అన్నయ్య.

"ఏదో ఒకటి అన్నారుగా."

"ఏదో ఒకటి అంటే ఇదని కాదు."

"మరేది?"

"ఇదని మాత్రం కాదు."

"అడుక్కునేవాడికి అరవై కూరలు, వండుకునేవాడికి ఒకటే కూర," అన్నారు తాతగారు, పక్షపాతం లేకుండా. తర్వాత, "బంగాళాదుంప నాకు పడదమ్మాయ్, తెలుసుగా," అన్నారు, కాస్త పక్షపాతంతో.

వారం తిరిగేసరికి ఏదో ఒకటి అంటే ఏమిటో నిర్వచనం తయారైంది. అది నిన్నటిది కాకూడదు. నిన్నటిలా ఉండకూడదు. వేడిగా ఉండాలి, నోరు కాలకూడదు. కొత్తగా ఉండాలి, అలవాటైన రుచి రావాలి. ఆదివారం తరిగినట్టు తెలియకూడదు. వదిన ఈ నిర్వచనాన్ని సాయంత్రం ఫ్రిజ్ ముందు నిలబడి రోజూ నిరూపించేది. వారంలో పని దినాలు నిజంగానే సులభమయ్యాయి, ఓటు వేసేవాళ్ళకు.

మళ్ళీ బుధవారం వచ్చింది. పొద్దున్నే ఈత టీచరమ్మ దగ్గర నుంచి వదినకు కబురు: ఇవాళ కూడా రాకపోతే మీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తున్నాం, ఏమీ అనుకోకండి. వదిన గేటు దగ్గర నిలబడి రెండుసార్లు చదివింది. లోపలికి వెళ్ళి, సంచీలో తువ్వాలు పెట్టుకుని వచ్చింది.

"దుకాణం నుంచి అటునుంచి అటే కొలనుకు పోతున్నానండీ."

"హాయిగా వెళ్ళు," అన్నారు అన్నయ్య. "ఇక్కడ వ్యవస్థ ఉందిగా."

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నాకు పిలుపొచ్చింది. వెళ్ళేసరికి ముగ్గురూ వంటింట్లో నిలబడి ఉన్నారు. ఆ ఇంట్లో వంటింటికి అంత జనం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇవాళ ఫలితం ఏమిటి?" అన్నారు తాతగారు.

"ఏదో ఒకటి. మూడుకు మూడు," అంది పిచ్చుక.

"అయితే కానివ్వండి మరి."

ఎవరూ కానివ్వలేదు. అన్నయ్య ఫ్రిజ్ తెరిచి, వదిన చూసే చోటే చాలాసేపు చూశారు.

"పిచ్చుకా, మీ అమ్మ దీన్నెలా చేస్తుందే?"

"దేన్ని?"

"ఏదో ఒకటిని."

పిచ్చుక ఫోనులో వెతికింది. 'ఏదో ఒకటి ఎలా చేయాలి' అని అడిగితే, నిరుత్సాహంలో ఉన్న యువతకు ధైర్యం చెప్పే ఉపన్యాసాలు వచ్చాయి. ఒకాయన కోటు వేసుకుని, జీవితంలో ఏదో ఒకటి చేసి తీరాలి అంటున్నాడు. అన్నయ్య కాసేపు శ్రద్ధగా విన్నారు. ఉప్పు ఎంత వేయాలో ఆ కోటాయన చెప్పలేదు.

"గుడ్లు కొట్టేద్దాం నాన్నా."

"గుడ్లు ఓడిపోయాయి," అన్నారు తాతగారు. "ఓడినవాటిని తెచ్చి పళ్ళెంలో కూర్చోబెడితే ఇక ఎన్నికలెందుకు?"

దాంతో రీపోలింగ్ జరిగింది. మళ్ళీ ఏదో ఒకటే గెలిచింది. అందరూ పిచ్చుక వైపు చూశారు.

"అలవాటులో నొక్కేశాను," అంది పిచ్చుక. "మీరు మాత్రం?"

అన్నయ్య వదినకు ఫోన్ చేశారు. ఫోను కొలను దగ్గర బట్టల అల్మరాలో ఉంది. అక్కడ మోగింది. అల్మరాలు ఫోన్లు ఎత్తవు.

చివరికి తాతగారు మాత్ర వేసుకునే వేళయింది. ఖాళీ కడుపుతో వేసుకోకూడదు. "ఆకలి రుచి ఎరుగదు," అని మొదలుపెట్టి, కాసేపు ఆలోచించి, "విధానం కూడా ఎరుగదు," అని ముగించి, అత్యవసర ఉత్తర్వు కింద గుడ్లకు అనుమతి ఇచ్చారు.

"ఉప్పెక్కడుంది?" అన్నారు అన్నయ్య.

"కాఫీ అని రాసున్న డబ్బాలో."

"మరి కాఫీ?"

"పంచదార దాంట్లో."

"పంచదార ఎక్కడుంటుందే మరి?"

"అది అమ్మకే తెలుసు."

గుడ్లు అయ్యాయి, రొట్టె కాల్చారు. ఒక గిన్నె మాడితే ఇంకొకటి, అది చాలకపోతే మరొకటి, గరిటె కోసం వెతుకుతూ తీసిన మూతలు, పగలగొట్టిన గుడ్డును వెనక్కి తీసుకోలేక పట్టిన లోటా, అన్నీ సింకులో చేరాయి. ముగ్గురూ తిన్నారు. బాగుందనే అన్నారు.

"చూశావామ్మా," అన్నారు అన్నయ్య నాతో. "ప్లానింగ్ ఉంటే ఎంత సులభమో."

అప్పుడే వదిన వచ్చింది. జుట్టు తడిసి ఉంది. ముఖం అప్పుడే తుడిచిన అద్దంలా ఉంది.

"ఏం నేర్పారమ్మా?" అంది పిచ్చుక.

"ఇవాళ తేలడమేనే. కాళ్ళూచేతులూ ఆడించకుండా నీళ్ళ మీద వెల్లకిలా పడుకోవాలి. ఏమీ చేయకూడదు. అదొక్కటే రావట్లేదు నాకు. మునిగిపోతానేమోనని ఏదో ఒకటి చేస్తూనే ఉన్నా." తువ్వాలు పిండుతూ నవ్వింది. "వదిలెయ్యండమ్మా, నీళ్ళే మోస్తాయి, అంటుంది టీచరమ్మ. ఇంతకీ నాకేం ఉంచారు?"

గుడ్లను ఓటర్ల జాబితా ప్రకారం లెక్కేసి కొట్టారు. వదినకు ఓటు లేదు. రొట్టె చివర అట్టలాంటి ముక్క ఒకటి మిగిలి ఉంది. వదిన దాన్ని నిలబడే తినడం మొదలుపెట్టి, సగంలో ఏమనుకుందో, కుర్చీ లాక్కుని కూర్చుంది.

అన్నయ్య సింకు వైపు చూశారు. తాతగారు సింకు వైపు చూశారు. తర్వాత ఇద్దరూ ఎప్పటి అలవాటు ప్రకారం వదిన వైపు చూశారు.

"మరి ఆ గిన్నెలూ..." అన్నారు అన్నయ్య.

వదిన లేచి సింకు దగ్గరికి వెళ్ళింది. చేతులు పైకి మడుస్తుందనుకున్నాం. తడి తువ్వాలును కుళాయి మీద ఆరేసింది.

"ఎవరో ఒకరు తోముతారులెండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

గిన్నెల విషయం మర్నాటికి వాయిదా పడింది. గురువారం పొద్దున గ్రూపులో కొత్త ఎన్నిక: గిన్నెలు ఎవరు తోమాలి? అభ్యర్థులు అన్నయ్య, తాతగారు, పిచ్చుక. నిజాయితీగా ఓటు వేసేవాళ్ళ కోసం నాలుగో అభ్యర్థి, 'ఎవరో ఒకరు'. వండేవాళ్ళకు ఓటు లేదన్న నిబంధన ప్రకారం, ముందురోజు గుడ్లు కొట్టిన అన్నయ్యకు ఓటు పోయింది, వదినకు ఓటు వచ్చింది. ఆ ఇంట్లో ఆమె వేసిన మొదటి ఓటు అది. ఎవరికి వేసిందో దాచలేదు. ఎవరో ఒకరు ఏకగ్రీవంగా గెలిచింది.

ఇది రాస్తున్న సమయానికి సాయంత్రమైంది. గిన్నెలు సింకులోనే ఉన్నాయి. తాతగారు, అన్నయ్య, పిచ్చుక వీధి గుమ్మంలో వరసగా నిలబడి ఎవరో ఒకరి కోసం ఎదురుచూస్తున్నారు. ఆ ఎవరో ఒకరు కొలనులో వెల్లకిలా తేలుతోంది. చెవులు నీళ్ళలో ఉన్నందువల్ల, ఎన్నికల ఫలితం ఆమెకు ఇంకా అందలేదు.