వరద లేదనడానికి సాక్షులు

ఈ వసంతంలో టెర్న్ పాయింట్‌కు వరద రాకూడదని మంత్రివర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. వరద నివారణ మంత్రిగారు రాజధానిలో ప్రెస్‌మీట్ పెట్టి ఆ శుభవార్త స్వయంగా చదివారు. ఏటా గడ్డకట్టిన నది మీది మంచు పగిలే రోజుల్లో ఊరంతటినీ విమానాల్లో తరలించడం, నది శాంతించాక మళ్ళీ దించడం ఇక చెల్లదన్నారు. నదికైనా క్రమశిక్షణ ఉండాలన్నారు.

నది ఆ ప్రెస్‌మీట్ చూడలేదు.

ఉత్తరాదిన జేమ్స్ బే అనే సముద్రపు పాయలో ఆ నది కలిసేచోటే ఊరు. అక్కడ ఫిలొమీనా ఫిబ్రవరిలోనే సంచీ సర్దేసింది. నాలుగేళ్ళ కూతురు అగాథకు ఊపిరి సరిగా ఆడదు. రోజుకు మూడుసార్లు మందుపొగ మిషన్ పెట్టాలి. వరదొస్తే కరెంటు పోతుంది, కరెంటు పోతే మిషన్ ఆగుతుంది, మిషన్ ఆగితే... ఆ తరవాతది తలచుకోలేక సంచీ విప్పి మళ్ళీ సర్దుతుంది.

ఏప్రిల్ చివర్లో హార్‌గ్రేవ్ అనే ఆఫీసరు హెలికాప్టర్లో దిగాడు. గొప్ప కార్యదక్షుడు. దిగిన గంటలోనే నది మధ్య మంచుపలకలో ఎర్రగీతల గుంజ బిగించేశాడు. గుంజ మీద మంచు పై గీత దాకా ఎక్కితేనే విమానాలు వస్తాయని ప్రకటించాడు.

ముసలి జెరెమయా బూట్లతో మంచును తట్టి చూశాడు.

"సారూ, గుంజ దేంట్లో పాతావు?"

"మంచులో. రాయిలా ఉంది."

"మంచు దేనిమీదుంది?"

"నీళ్ళ మీద."

"నీళ్ళు లేస్తే?"

"మంచూ లేస్తుంది."

"మరి గుంజ?"

హార్‌గ్రేవ్ 'గుంజ స్థిరంగా ఉంది' అని రాసుకున్నాడు.

నాలుగోరోజు దక్షిణపు గాలి తిరిగింది. ఎగువ నుంచి పగిలిన మంచు ఇళ్ళంత గడ్డలుగా కొట్టుకొచ్చింది. ఎదురుగా సముద్రం నుంచి పున్నమి పోటు తోసుకొచ్చింది. రెంటి మధ్యా మంచు ఇరుక్కుని, నీళ్ళు పోవడానికి దారి మూసుకుపోయింది. ఫిలొమీనా పిల్లను చంకనేసుకుని ఆఫీసరు గుడారానికి పరిగెత్తింది.

"సార్, రోడ్డెక్కాయి నీళ్ళు!"

"అది కరిగిన మంచేనమ్మా. రోడ్ల శాఖ చూసుకుంటుంది."

"అందులో చేప ఈదుతోంది సార్!"

"చేపలు మత్స్యశాఖవి."

"సముద్రం పోటు కూడా ఎక్కింది కదా!"

"సముద్రం కేంద్రానిది. మనం వేలుపెట్టకూడదు. గుంజ మీద మంచు మాత్రం మొదటి గీత దగ్గరే ఉంది, చూడు."

మంచు నిజంగానే మొదటి గీత దగ్గరే ఉంది. కాకపోతే గుంజతో సహా చర్చి మెట్ల ఎత్తుకు లేచింది.

అగాథ గొంతులో ఈల మొదలైంది. ఫిలొమీనా పిల్లను నిటారుగా ఎత్తి పట్టుకుంది. హార్‌గ్రేవ్ మాత్రం ఆమెను ఎగాదిగా చూసి ముఖం విప్పార్చుకున్నాడు.

"నీకు మాట్లాడ్డం బాగా వచ్చునే! రేపు మంత్రిగారి విజయోత్సవ సభ. వరద రాలేదని చెప్పడానికి ఒక స్థానిక సాక్షి కావాలి. ప్రత్యేక విమానం వస్తుంది."

"సాక్షితో పిల్ల రావచ్చా?"

"ఓ, భేషుగ్గా."

చీలమండ లోతు నీళ్ళలో నిలబడి, వరద లేదని ఫిలొమీనా సంతకం పెట్టింది. పెట్టాక ఊరివైపు చూసింది. తన వీధిలో బాలింత మార్గరెట్ ఉంది, మంచం దిగలేని ఆమె తల్లి ఉంది.

"సార్, ఒక్కదాన్ని చెబితే పత్రికలవాళ్ళు నమ్ముతారా? డబ్బిచ్చి తెచ్చారంటారేమో!"

హార్‌గ్రేవ్‌కు చెమట పట్టింది. రాజధానికి ఫోన్ చేశాడు. అరగంటలో ఊరి రేడియో, వరద రాలేదని చెప్పదలచినవారంతా రన్‌వే దగ్గరికి రావాలని పిలిచింది.

ఏటేటా తరలింపుల అలవాటు ప్రకారమే బాలింతలు, పసిపిల్లలు, ముసలివాళ్ళు ముందు సాక్షులయ్యారు. జెరెమయా సంతకం పెడుతూ నదివైపు చూశాడు.

"సారూ, గుంజేది?"

"పర్యటనలో ఉంది," అన్నాడు హార్‌గ్రేవ్, మోకాళ్ళ దాకా ప్యాంటు మడుస్తూ.

చీకటి పడేలోగా తొమ్మిది విమానాలు ఊరంతటినీ సాక్షులుగా మోసుకెళ్ళాయి.

మర్నాడు రాజధాని హాలు కిటకిటలాడింది. మంత్రిగారు చేయెత్తి అడిగారు.

"ఈ ఏడాది టెర్న్ పాయింట్ నుంచి ఒక్కరినైనా తరలించామా?"

"లేదు!" అన్నాయి నాలుగువందల పన్నెండు గొంతులు.

పొంగిపోయిన మంత్రిగారు వేదిక దిగి, మైకు ఫిలొమీనా ముందు పెట్టారు. ఆమె పక్కన గోడ ప్లగ్గుకు మిషన్ గుర్రుమంటోంది. అగాథ తల్లి ఒళ్ళో ఒకే తీరుగా ఊపిరి తీస్తూ నిద్రపోతోంది.

"చెప్పు తల్లీ, ఈ ఉదయం మీ ఊళ్ళో ఎవరికైనా ఇబ్బంది ఉందా?"

"లేదండి," అంది ఫిలొమీనా. "ఊళ్ళో ఎవరూ లేరు కదండీ."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ మాటను నివేదికలో మొదటి వాక్యంగా వెయ్యమని మంత్రిగారు అక్కడికక్కడే ఆదేశించారు.