పేజీలో నలభై, తోటలో పదకొండు

ఆ ఆదివారం పొద్దున బూన్ కీట్ చేతిలో ఉన్నవి ఇవీ: మలేషియాలోని పెనాంగ్ కొండవాలున అరవై దురియన్ చెట్లు, పద్దెనిమిదేళ్ల మంచి పేరు, ఇంటర్నెట్‌లో ఒక పేజీ, అప్పటికి రాలిన పదకొండు ఎర్రరొయ్య రకం కాయలు. దురియన్‌ను కోయరు, అదే పండి రాలాలి. అందుకని రోజూ తలకు హెల్మెట్ పెట్టుకుని, చెట్ల కింద కట్టిన వలల్లో కాయలు లెక్కపెట్టి, "ఈ రోజు ఇన్ని" అని పేజీలో పెట్టేవాడు. పదకొండే కదా, తొమ్మిదింటికల్లా అమ్మేసి ఓ కునుకు తీద్దామనుకున్నాడు.

ఎనిమిదిన్నరకు తోట ముందు బస్సు ఆగింది. ఈపో నుంచి గేక్ చూ అనే రిటైర్డ్ టీచరమ్మ, వెంట ఆమె చిన్ననాటి స్నేహితులు ఇరవై ఎనిమిది మంది దిగారు. ఎర్రరొయ్య తినిపిస్తానని ఆమె బుధవారమే అందరికీ బూన్ కీట్ పేజీ పంపి, మాటిచ్చి తీసుకొచ్చింది.

"టౌకే, ఆ నలభై కాయలూ బయటికి తీయించండి," అంది. అక్కడ వ్యాపారం చేసే యజమానిని టౌకే అనే పిలుస్తారు.

"నలభై ఎక్కడివి ఆంటీ? పదకొండే."

ఆమె ఫోన్ చూపించింది. ఈ రోజు నలభై అనే ఉంది.

"ఇది బుధవారం అంకె. మీ ఫోన్ పాత పేజీని దాచుకుని చూపిస్తోంది. పైన గుండ్రటి బాణం ఉంది, నొక్కండి."

నొక్కింది. నలభై కాస్తా పదకొండయింది.

"చూశారుగా," అన్నాడు బూన్ కీట్.

"చూశాను. నా కళ్ల ముందే మార్చేశావు."

"నా చేతులు రెండూ ఇక్కడే ఉన్నాయి కదా ఆంటీ."

"లోపల ఎవరినో కూర్చోబెట్టి ఉంటావు. ముప్పై ఏళ్లు కాపీ రాయుళ్లను పట్టుకున్నదాన్ని, నా దగ్గరా?"

బూన్ కీట్‌కు ఒళ్లు మండింది. అందర్నీ బాణం నొక్కమన్నాడు. అన్ని ఫోన్లలోనూ నలభై పోయి పదకొండు వచ్చింది. తన నిజాయితీకి ఇరవై తొమ్మిది మంది సాక్షులు దొరుకుతారనుకున్నాడు. దొరికారు, కానీ దొంగతనానికి.

"నలభైలోంచి పదకొండు తీసేస్తే ఇరవై తొమ్మిది," అంది గేక్ చూ. "మేమూ ఇరవై తొమ్మిది మందిమే. తలా ఒక కాయ మింగేశావు."

అతను పేజీ తయారు చేసిన ఖైరుద్దీన్‌కు అక్కడికక్కడే ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"నీ పేజీ నన్ను దొంగను చేసిందయ్యా. పాత అంకె ఎందుకు చూపిస్తోంది?"

"ఒకసారి తెరిచిన పేజీని వారం రోజులు దాచుకోమని ఫోన్లకు నేనే చెప్పాను టౌకే."

"ఎవడు చెప్పమన్నాడు?"

"మీరే. కొండ మీద సిగ్నల్ సరిగా లేదు, పేజీ వచ్చేలోగా టీ చల్లారిపోతోందని పోయిన నెల నన్ను తిట్టారు. అంకె రోజూ మారేది, దాచకూడదని నేనంటే, నా పేజీ నా ఇష్టం అన్నారు."

బస్సు జనమంతా ఒక్కసారిగా నవ్వారు.

"సరేలే. ఇకమీద దాచుకోవద్దని చెప్పు," అన్నాడు బూన్ కీట్, గొంతు తగ్గించి.

"ప్రతిసారీ నన్ను అడిగాకే చూపించమంటాను. కానీ ఇప్పటికే దాచుకున్న ఫోన్లు వారం దాకా నన్ను అడగనే అడగవు. పేజీకి కొత్త చిరునామా పెట్టాలి."

"పెట్టు మరి."

"దొంగవి కాదులే, పెంకి పిల్లాడివి," అని తీర్పు చెప్పింది గేక్ చూ.

ఆ మాట ఇంకా మండించింది. పేరు నిలబెట్టుకోవాలని పదకొండు కాయలూ ఊరికే ఇచ్చేశాడు. ఇక ఫోన్లను నమ్మేది లేదని గేటుకు నల్లబల్ల తగిలించి, సుద్దముక్కతో పెద్ద అక్షరాలు రాశాడు: "ఈ రోజు ఎర్రరొయ్య 11. ఉచితం." గేక్ చూ ముచ్చటపడి ఆ బల్లను ఫోటో తీసి, తెలిసినవాళ్లందరికీ పంపింది.

మరుసటి ఆదివారం లెక్క చూసుకుంటే, చెట్లు అరవై అలాగే ఉన్నాయి. పేరు నిలిచింది. కొత్త పేజీ ఏ రోజు అంకె ఆ రోజే చూపిస్తోంది. నల్లబల్ల ఫోటో పట్టుకుని ఈపో నుంచి రెండు బస్సుల జనం అదనంగా వచ్చారు.

ఫోటోకు గుండ్రటి బాణం ఉండదు.