జూన్‌లో ప్రకటన

"ఉద్యోగం ఎప్పుడు వెతకాలో తెలియకే మన చదువుకున్నవాళ్లు చెడిపోతున్నారు. ఇకపై ఆ బాధ్యత ప్రభుత్వానిదే" అని ఉన్నత విద్యా మంత్రిగారు ఒక సభలో ప్రకటించి, యూనివర్సిటీ అధ్యాపక నియామకాల క్యాలెండర్ విడుదల చేశారు. జూన్‌లో ప్రకటన, జూలైలో ఇంటర్వ్యూ, ఆగస్టులో చేరిక. పన్నెండు నెలలకీ పన్నెండు రంగుల ఫొటోలు. అన్నిట్లోనూ మంత్రిగారే, జూన్‌లో గొడుగుతో, డిసెంబరులో స్వెట్టరుతో.

ఆ సభలో అరిచేతులు మండేలా చప్పట్లు కొట్టినవాళ్లలో నేనొకణ్ణి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి. పీహెచ్‌డీ చేతికొచ్చి తొమ్మిదేళ్లు. ఆ ఆగస్టు పదికి నాకు నలభై నిండుతాయి. నిండితే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి అప్లికేషన్ కూడా తీసుకోరు. జూన్ అంటే నన్ను చూసి పెట్టినట్టే ఉంది.

క్యాలెండర్ తెచ్చి నాన్నకి చూపించాను. ఆయన తాపీమేస్త్రి. అక్షరాలు రావు, అంకెలు వచ్చు. పేజీలన్నీ తిప్పి, "తారీకులున్నాయి. సంవత్సరం ఎక్కడా లేదేరా?" అన్నాడు.

"ప్రభుత్వం వేసింది నాన్నా. ఉంటుందిలే, నీకు కనబడలేదు."

"నువ్వు చూడు మరి."

నేను చూడలేదు. ప్రభుత్వాన్ని అనుమానించే పాఠం నా చదువులో ఎక్కడా రాలేదు.

జూన్ ముప్పయ్యో తారీకు దాకా ఓపిక పట్టి రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాను. సూపరింటెండెంటుగారు పెన్సిల్ చెక్కుకుంటున్నారు.

"ప్రకటన రాలేదండీ. జూన్ అయిపోతోంది."

"ఏ జూన్?"

"ఈ జూనేనండీ."

"ఈ జూన్ అని ఎక్కడుందయ్యా? డాక్టరేట్ అంటావ్, చదవకుండా వచ్చేస్తావ్."

అప్పుడు చూశాను. అట్ట నుంచి అట్ట దాకా సంవత్సరం లేదు.

మర్నాడు మంత్రిగారి దగ్గరికి పరుగెత్తాను. ఎంత పెద్దమనసంటే, నన్ను కూర్చోబెట్టి మరీ మాట్లాడారు.

"సంవత్సరం పడలేదు సార్. ప్రెస్సువాళ్ల పొరపాటేమో."

"పొరపాటు కాదబ్బాయ్, ముందుచూపు. సంవత్సరం వేస్తే డిసెంబరు కాగానే చింపి పారేస్తారు. ఇదైతే పదేళ్లు గోడ మీద ఉంటుంది."

"నాకు ఆగస్టుకి నలభై నిండుతాయి సార్."

"అది నీ క్యాలెండర్. దాన్ని నేనెలా మారుస్తాను చెప్పు?"

గుమ్మం దాకా వచ్చి సాగనంపారు కూడా.

ఆగస్టు పది మాత్రం ఆ ఏడాదే వచ్చింది.

ప్రకటన మరుసటి జూన్‌లో వచ్చింది, ఒకటో తారీకున, ఉదయం పదింటికల్లా. 'చెప్పిన నెలలోనే' అని పేపర్లు రాశాయి. సూపరింటెండెంటుగారు దారిలో ఎదురై, "చూశావా, మావాళ్లు మాట తప్పరు" అన్నారు. నేను తల ఊపాను.

నాలా నలభై దాటినవాళ్లు పోగా, అప్లికేషన్లు బాగా తక్కువొచ్చాయి. చదువుకున్నవాళ్లకి అవగాహన లేదని మంత్రిగారు ఎంతో బాధపడి, 'ఉద్యోగం ఎప్పుడు వెతకాలి' అని ప్రతి కాలేజీలో క్లాసులు పెట్టించారు. నన్ను మరిచిపోలేదు. ఆ క్లాసులు చెప్పే పని నాకే ఇప్పించారు. దానికి వయోపరిమితి లేదు.

మొదటి క్లాసు. బోర్డుకి క్యాలెండర్ తగిలించాను. నా హాజరు వేసుకోవడానికి సూపరింటెండెంటుగారు తలుపు దగ్గర నిలబడ్డారు. ముందు బెంచీలో ఒకమ్మాయి లేచింది.

"సార్, ఇది ఏ సంవత్సరానిది?"

"కూర్చోమ్మా" అన్నాను. "సంవత్సరం వేస్తే చింపి పారేస్తారు."